తూముల్లో రైలు

ఆ ఎండాకాలం మా వీధి పిల్లల్ని పోలీసులు పట్టుకెళ్ళారని చెబితే, ఇప్పటికీ వినేవాళ్ళు ముందడిగే మాట ఒకటే. "ఏం చేశారేంటి?" అంటారు. ఏమీ చేయలేదంటే నమ్మరు. ఊరికే ఎందుకు పట్టుకెళ్తారని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ పిల్లల్లో మా మనవరాలు లేకపోయుంటే నేనూ అదే అడిగేదాన్ని.

వాళ్ళు చేసిందల్లా ఆడుకోవడం. మా వీధి చివర, ఇళ్ళు అయిపోయి పెద్ద రోడ్డు మొదలయ్యే చోట కాస్త ఖాళీ జాగా ఉంది. మురుగు కాలవ వేస్తామని ఎప్పుడో పెద్ద పెద్ద సిమెంటు తూములు తెచ్చి అక్కడ దొర్లించి పోయారు. పోయినవాళ్ళు మళ్ళీ రాలేదు. తూముల చుట్టూ గడ్డి పెరిగింది. ఒకదాంట్లో వీధికుక్క ఈనింది. మిగిలినవి పిల్లల పాలయ్యాయి. వరసగా పడున్న తూములకి వాళ్ళు రైలని పేరు పెట్టుకున్నారు. ఒకళ్ళు డ్రైవరు, ఒకళ్ళు గార్డు, మిగతా అందరూ టిక్కెట్టు లేని ప్రయాణికులు. ఈ చివర దూరి, మోకాళ్ళూ మోచేతులూ గీరుకుంటూ ఆ చివర తేలడం, అంతే ఆట.

నేను సినిమా హాల్లో టిక్కెట్లు అమ్మి అమ్మి రిటైరైన మనిషిని. "మీ అమ్మమ్మ జీతమంతా టిక్కెట్ల మీదే వచ్చింది, నువ్వు టిక్కెట్టు లేకుండా రైలెక్కుతావుటే?" అని మనవరాల్ని ఏడిపించేదాన్ని. ఆ ఉద్యోగం పెన్షన్‌తో పాటు నాకిచ్చిన ఇంకో ఆస్తి అనుమానం. చిన్న కంతలోంచి రోజంతా చేతుల్ని చూస్తూ కూర్చున్న దాన్ని. మడత పెట్టిన ప్రతి నోటూ చిరిగిన నోటే అనుకోవడం అలవాటైపోయింది.

ఇంట్లో మేం నలుగురం. మా అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మాటలు తక్కువ. నలుగురున్న గదిలో అతను కూడా ఉన్నాడని తెలియాలంటే గ్రీజు వాసన రావాల్సిందే. ఇక మనవరాలు. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. గోడ కనిపిస్తే ఎక్కుతుంది, కంత కనిపిస్తే దూరుతుంది. అందుకే ఉడుత అని పిలిచేవాళ్ళం.

పైవాటాలో ఒకావిడ, ఆమె కూతురు అద్దెకుండేవాళ్ళు. ఆ పిల్ల గుండ్రంగా ఉంటుంది కాబట్టి వీధంతా బంతి అనేవాళ్ళు. భర్త ఓడ మీద ఉద్యోగం, ఏడాదికోసారి కూడా ఇంటికి రాడు. ఆమెది రాత్రిపూట ఫోన్లలో జవాబులు చెప్పే పని. పగలు నిద్రపోవాలి. సెలవుల్లో పిల్లలున్న వీధిలో పగలు నిద్రపోవడమంటే పెళ్ళి పందిట్లో ధ్యానం చేయడమే. ఒకటి రెండుసార్లు మేడ మీంచి, "మీ రైలు పట్టాలు తప్పా" అని తిట్టడం నా చెవులారా విన్నాను.

ఆ ఏడు మా స్టేషనుకి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చుట్టుపక్కల షాపుల్లో రాగి తీగల దొంగతనాలు జరిగాయట. దొంగలు దొరకలేదు. దొరకని దొంగల బదులు, సాయంత్రం పూట మైకు పెట్టిన వ్యాను ఒకటి వీధుల్లో తిరగడం మొదలైంది. గుమిగూడరాదు, ఖాళీ స్థలాల్లో సంచరించరాదు అని చెప్పేది. మేం నవ్వుకున్నాం. మా వీధిలో గుమిగూడేదల్లా నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలే.

ఒక సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే ఎదురింటి కుర్రాడు రొప్పుతూ వచ్చి, "అమ్మమ్మా, ఉడుతని పోలీసు వ్యానెక్కించారు" అన్నాడు. అల్లుడు అప్పుడే స్కూటరు దిగుతున్నాడు. హెల్మెట్టు తీయకుండానే బండి మళ్ళీ తిప్పాడు. నేను వెనకెక్కాను.

స్టేషన్లో ఒక బెంచీ మీద ఐదుగురు పిల్లలు వరసగా కూర్చున్నారు. మొహాల నిండా సిమెంటు దుమ్ము. చివరిది మా ఉడుత. పక్కన బంతి వెక్కుతోంది. ఒక కానిస్టేబులు ఒక్కొక్కళ్ళని గోడకి నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాడు. ఇంకొకడు, బాగా పొడుగాటి వాడు, బల్లకి ఆనుకుని టీ తాగుతున్నాడు.

"ప్రభుత్వ ఆస్తిలో చొరబడ్డారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు మా వైపు చూడకుండానే. "తూము దొర్లి ఎవడైనా చస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు? మీరా, నేనా?"

"ఆ తూములు ఇన్నేళ్ళుగా దొర్లలేదండీ," అన్నాడు అల్లుడు నెమ్మదిగా. "బయటికి రమ్మని ఓ మాట చెబితే వచ్చేసేవాళ్ళు."

"ఏంటి, డ్యూటీ నేర్పిస్తున్నావా?"

ఇకముందు పిల్లని తూముల దగ్గరికి పంపనని సంతకం పెట్టించుకుని వదిలేశారు. మేం బయటికొస్తుంటే పైవాటావిడ నిద్రకళ్ళతో, చెప్పులు ఒక్కోటి ఒక్కో జతది వేసుకుని పరుగున వస్తోంది. అది చూసి నాకు జాలి కలగాలి. నాకు కలిగింది అనుమానం. పోలీసులకి ఫోను చేసింది ఈవిడే, తన కూతుర్ని కూడా ఎక్కిస్తారని మాత్రం అనుకుని ఉండదు, అనుకున్నాను.

స్కూటరు మీద ఉడుత మా ఇద్దరి మధ్య కూర్చుంది. మర్నాడు మండే ఎండలో పొడుగు చేతుల గౌను తీసి వేసుకుంది.

"అదెందుకే, ఉడికిపోతావు," అన్నాను.

"దోమలు అమ్మమ్మా."

పట్టపగలు దోమలేమిటని కూడా నేను అడగలేదు. అప్పటికి నా అనుమానమంతా మేడ మీదే ఉంది.

మూడో రోజు సాయంత్రం పిల్లల సంక్షేమ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. పిల్లల్ని స్టేషనుకి తీసుకెళ్తే వాళ్ళకి కబురు వెళ్ళాలట, వాళ్ళు ఇంటికొచ్చి చూడాలట. చేతిలో ఫైలు, గొంతు మెత్తన. మంచినీళ్ళిస్తే థాంక్సండీ అని రెండు గుక్కలు తాగింది. ఇల్లంతా కలయజూసింది. మంచాలెన్ని, పిల్ల ఎవరి దగ్గర పడుకుంటుంది, ఎవరెప్పుడు ఇంట్లో ఉంటారు, అన్నీ అడిగింది. ఇలాంటివి అడిగితే తప్పు చేయనివాళ్ళకి కూడా తప్పు చేసినట్టే ఉంటుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఊరికే పుట్టలేదు. అల్లుడు పనినుంచి వచ్చి పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు.

"ఇంత ఎండలో ఈ చేతులేంటమ్మా?" అంటూ ఆవిడ ఉడుత గౌను చెయ్యి పైకి మడిచింది.

మోచేతికి పైన నాలుగు నీలం చారలు. వెనకవైపు ఒకటి. ఎవరో గట్టిగా పట్టుకున్న వేళ్ళ అచ్చు, ముద్ర గుద్దినట్టు దిగింది.

మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజూ రక్తం చూసే మనిషి.

"ఎవరు పట్టుకున్నారు తల్లీ?"

ఉడుత తల తిప్పి పెరటి గుమ్మంలో నిలబడ్డ నాన్న వైపు చూసింది. వెంటనే తల దించుకుంది. ఆ చూపు ఆఫీసరమ్మ చూసింది. నేనూ చూశాను.

"ఎవరూ పట్టుకోలేదు. పడ్డాను."

"పడితే వేళ్ళ అచ్చులు పడవమ్మా. ఇంట్లో ఎవరైనా కోప్పడ్డారా?"

అది గౌను చెయ్యి కిందికి లాక్కుంది. అప్పుడు ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగింది. "ఏమీ అనుకోకండి, అడగాలి కాబట్టి అడుగుతున్నా. మీవారు పిల్ల మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటారా?"

లేదు. ఆ రెండక్షరాలు చాలు. కానీ అంతకు వారం ముందు, అన్నం దగ్గర పెట్టుకుని కూర్చుంటే చీకటి పడ్డా పిల్ల రాలేదని, అల్లుడు తూముల దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. గుమ్మంలో మా అమ్మాయి, "మెల్లగా, ఊడొస్తుంది చెయ్యి" అంది. అప్పుడందరం నవ్వాం. ఇప్పుడు అదే మా అమ్మాయి కళ్ళలో తిరిగిందని నాకు తెలుసు, ఎందుకంటే నా కళ్ళలోనూ అదే తిరిగింది.

"లేదండీ," అంది మా అమ్మాయి.

అంది. కానీ బటను నొక్కాక లిఫ్టు తలుపు మూసుకోవడానికి పట్టేంత సేపు గడిచాక అంది.

అల్లుడు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. ఆఫీసరమ్మని చూడలేదు, పిల్లని చూడలేదు. మా అమ్మాయి వైపు చూశాడు. కోపంగా కాదు. చీకట్లో స్విచ్చి ఉండాల్సిన చోట తడిమితే గోడే తగిలినప్పుడు మనిషి నిలబడతాడే, అలా నిలబడ్డాడు. తర్వాత తుండుగుడ్డ తీగ మీద ఆరేసి లోపలికొచ్చాడు.

ఆఫీసరమ్మ తన మెత్తటి గొంతుతోనే చెప్పింది. విచారణ పూర్తయ్యేదాకా తండ్రి వేరే చోట ఉండాలి. లేదంటే పిల్లని తమ వసతి గృహంలో ఉంచాలి. "ఇది శిక్ష కాదండీ. జాగ్రత్త."

"నేను చెప్పేది వినండి, మా ఆయన అలాంటివారు కాదు," అని మా అమ్మాయి అప్పుడు ఏకబిగిన చాలా మాటలు చెప్పింది. ముందు చెప్పాల్సినవి వెనకొస్తే మాటలకి బరువుండదు. ఆవిడ తల ఊపుతూ రాసుకుంది.

"నేనే వెళ్తాను," అన్నాడు అల్లుడు. "మా గోడౌన్లో మంచం ఉంది."

సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు. ఉడుత సంచి పట్టుకుని వేలాడుతూ, "ఎప్పుడొస్తావు నాన్నా?" అంది. దాని తల నిమరబోయి, గుమ్మంలో నిలబడ్డావిడని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అత్తయ్యా, గ్యాసు బండ మొన్ననే మార్చాను, భయం లేదు," అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటి నుంచి గెంటేసిన మనిషి చెప్పిన మాట అది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నిండుగా మాట్లాడలేదు. మా అమ్మాయి ల్యాబు నుంచి రాగానే పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేది. "నిజం చెప్పమ్మా. నాన్న కావాలని చేసి ఉండరు. కోపంలో గట్టిగా పట్టుకున్నారా?"

"పడ్డాను."

"ఎక్కడ పడ్డావు?"

"పడ్డానంటే పడ్డాను."

రోజూ అదే జవాబు. అబద్ధమని తెలుస్తోంది, దాని వెనక ఏముందో తెలియదు. నేను మటుకు అన్నం వడ్డించేటప్పుడు కంచం మీద వాలే అల్లుడి చెయ్యిని గుర్తు తెచ్చుకునేదాన్ని. పెద్ద చెయ్యి. పాత గ్రీజు గోళ్ళలోంచి ఎంత తోమినా పోయేది కాదు. ఆ చారల దూరం ఆ వేళ్ళకి సరిపోతుందా అని మనసులో కొలిచేదాన్ని. కొలిచి, నా మీద నాకే రోత పుట్టి, లేచి గిన్నెలు తోముకునేదాన్ని.

వీధి సంగతి చెప్పనక్కరలేదు. కిరాణా కొట్టాయన, "అల్లుడుగారు కనపడట్లేదే?" అని చక్కెర పొట్లం కడుతూ అడిగాడు. పని మీద ఊరెళ్ళాడన్నాను. ఆయన నవ్విన తీరులోనే తెలిసింది, ఆయనకి నాకంటే ఎక్కువే తెలుసని. నిప్పు లేనిదే పొగ రాదని నా వెనక ఎవరో అన్నారు. ఎవరన్నారో చూడటానికి నేను తిరగలేదు.

వ్యాను మాత్రం తప్పకుండా వచ్చేది. పిల్లలు తూముల జోలికి పోవడం మానేసి, రోడ్డు మీద సుద్దతో గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడారు. రోడ్డు పాడు చేస్తున్నారని వాళ్ళ చేతే నీళ్ళు మోయించి కడిగించారు. గోడకి రబ్బరు బంతి కొడితే దాన్ని లాక్కెళ్ళారు. ఎదురింటి కుర్రాడు ఆ రబ్బరు బంతి కోసం స్టేషనుకెళ్తే, రసీదుందా అని అడిగారట. చివరికి పిల్లలు అరుగుల మీద ఊరికే కూర్చోవడం మొదలుపెట్టారు. కూర్చున్న చోటే వ్యాను శబ్దానికి లేచి లోపలికి పోయేవాళ్ళు. వీధి నిశ్శబ్దమైంది. పైవాటావిడకి ఇక హాయిగా నిద్ర పడుతుందనుకుని మండిపడ్డాను.

ఆ మంట ఓ పొద్దున మెట్ల దగ్గర బయటపడింది. ఆవిడ డ్యూటీ నుంచి వస్తోంది. నేను ఊడుస్తున్నాను.

"కడుపు చల్లబడిందా అమ్మాయ్?" అన్నాను చీపురు ఆపి.

"ఏమన్నారు పిన్నిగారూ?"

"వీధి చల్లబడిందిగా. నీ నిద్ర కోసం ఫోను చేసి నా ఇల్లు కూల్చావు."

ఆవిడ మెట్టు మీదే నిలబడిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. అలిసిపోయిన గొంతుతో అంది: "నిద్ర కోసం కన్నకూతుర్ని పోలీసులకి పట్టిస్తానా? రాత్రంతా ఎవరెవరివో తిట్లు ఫోన్లో తింటాను పిన్నిగారూ. పగటి పూటకి మీవి కూడా దాచుంచారా?"

పైకెళ్ళిపోయింది. నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. నమ్మాలనిపించింది. నమ్మితే మరి ఎవరిని అనుమానించాలో తెలియలేదు.

అది జరిగిన రెండు మూడు రోజులకి, మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే తలుపు కొట్టిన చప్పుడైంది. మా అమ్మాయికి ఆ రోజు సెలవు, వెళ్ళి తీసింది. పైవాటావిడ. జుట్టు విరబోసుకుని ఉంది. బంతిని రెక్క పట్టుకుని కాదు, మణికట్టు దగ్గర జాగ్రత్తగా పట్టుకుని తీసుకొచ్చింది.

"మీతో నాకు మాటల్లేవు పిన్నిగారూ, అయినా ఇది మీరు చూడాలి," అంటూ కూతురి చొక్కా చెయ్యి పైకి మడిచింది.

మోచేతికి పైన నాలుగు చారలు. పసుపు రంగుకి తిరిగి మాసిపోతున్నాయి. వెనకవైపు ఒకటి.

"రోజూ తనే స్నానం చేస్తుంది, నేను నిద్రలో ఉంటాను. ఇవాళ తల రుద్దుతానని కూర్చోబెట్టాను, కనపడింది. మీ పాప చెయ్యి సంగతి వీధిలో విన్నాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "మా ఇంట్లో మగమనిషే లేడు కదా. మరి నా కూతుర్ని ఎవరు పట్టుకున్నట్టు?"

మా అమ్మాయి కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. ఉడుత గది గుమ్మంలోకి వచ్చింది. పిల్లలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పది రోజులుగా ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం లేదన్న సంగతి నాకప్పుడు తట్టింది.

బంతి ఏడుపు మొదలుపెట్టింది. "చెప్పకూడదన్నాడు."

"ఎవరన్నారు?"

"బంతీ, నోర్ముయ్," అంది ఉడుత. అది అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "చెబితే నాన్నని లోపలేస్తారు. నువ్వు చెప్పావు కాబట్టే తీసుకెళ్ళారు."

"నేను చెప్పలేదు. ఒట్టు. నేనెవరికీ చెప్పలేదు."

మా అమ్మాయి నేల మీద కూలబడి ఉడుతని ఒళ్ళోకి లాక్కుంది. అప్పుడు, ముక్కలు ముక్కలుగా, ఇద్దరూ చెప్పారు. వ్యాను చూసి పిల్లలు తూములో దాక్కున్నారు. పొడుగు కానిస్టేబులు వంగి, చెయ్యి లోపలికి దూర్చి, దొరికిన వాళ్ళని దొరికినట్టు రెక్క పట్టుకుని బయటికి గుంజాడు. వ్యానులో ఏడుస్తుంటే అన్నాడట: "ఈ సంగతి ఇంట్లో చెప్పారో, మీ నాన్నల్ని కూడా తెచ్చి లోపలేస్తాం."

ఉడుత చెప్పలేదు. నాన్నని కాపాడుకోవాలని ఎండల్లో పొడుగు చేతులు వేసుకుంది. ఎవరడిగినా పడ్డానంది. అయినా నాన్న సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని జైల్లో పెట్టారని, బంతి నోరు జారడం వల్లే పెట్టారని అది లోపల్లోపల కుమిలిపోతోంది.

"నాన్న జైల్లో లేడే, గోడౌన్లో ఉన్నాడు," అన్నాను.

"నిజంగానా?" అంది. ఆ అడగడంలో నమ్మకం లేదు. మేం కూడా అబద్ధం చెప్పే మనుషుల్లో చేరిపోయాం దాని లెక్కలో.

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్ళం ముగ్గురం, పిల్లలిద్దరినీ తీసుకుని సంక్షేమ శాఖ ఆఫీసుకెళ్ళాం. ఆఫీసరమ్మ రెండు చేతులూ చూసింది. పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగింది. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆవిడ రాస్తూ రాస్తూ కలం ఆపింది.

"ఇది పోలీసు శాఖకి సంబంధించిన విషయమండీ. మా పరిధిలోకి రాదు."

"మా ఆయన చేతుల గురించి రాయడానికి మీ పరిధి సరిపోయింది కదా," అంది మా అమ్మాయి.

ఆవిడ మొహం కందింది. చెడ్డ మనిషి కాదు. ఫైలు దగ్గరికి లాక్కుని, "రాస్తాను. పంపిస్తాను. ఏమవుతుందో మాత్రం నా చేతిలో లేదు," అంది.

ఏమీ అవలేదు. పిల్లల్ని ప్రమాదకరమైన చోటు నుంచి సురక్షితంగా బయటికి తీయడానికి అవసరమైనంత బలమే వాడారని స్టేషను నుంచి జవాబొచ్చింది. మా అమ్మాయి ఊరుకోలేక ఇన్‌స్పెక్టరు దగ్గరికే వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. ఆయన ఈసారి కుర్చీ చూపించాడు.

"అయిందేదో అయింది. మీవారి మీద ఏమీ లేదు కదా, ఇంటికి పిలుచుకోండి."

"ఒక్కటి చెప్పండి," అన్నాను నేను. "పిల్లల మీద ఫిర్యాదు ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదే. రౌండ్స్‌లో కనపడ్డారు, ఎత్తుకొచ్చాం."

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటారు. కనీసం ఆ పిచ్చుక ఎవరి చేను తిందో చెప్పేవాడైనా ఉంటాడనుకున్నాను. ఎవరూ లేరు. నేను మెట్ల దగ్గర చీపురు పట్టుకుని ఎవరి మీద విరుచుకుపడ్డానో తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది. బయటికొస్తుంటే పొడుగు కానిస్టేబులు వ్యాను అద్దం తుడుస్తున్నాడు. మమ్మల్ని చూసి, అదే అద్దాన్ని మళ్ళీ తుడిచాడు. ఆ సాయంత్రం నేను మేడెక్కి పైవాటావిడతో, "నా నోరు మంచిది కాదమ్మాయ్" అన్నాను. "తెలుసు పిన్నిగారూ, లోపలికి రండి," అందావిడ.

తూముల చుట్టూ ముళ్ళకంచె వేసి, ప్రవేశించరాదని బోర్డు పెట్టారు. కుక్క మాత్రం కంచె కింద దూరి తన పిల్లల దగ్గరికి వెళ్ళొస్తూ ఉండేది. దాని మీద ఎవరూ కేసు పెట్టలేదు.

సంక్షేమ శాఖ వాళ్ళు ఫైలు మూశాక అల్లుడు ఇంటికొచ్చాడు. అదే సంచి, అవే బట్టలు. ఉడుత పరుగెత్తుకెళ్ళి కాళ్ళు చుట్టేసింది. అతను సంచి కింద పెట్టలేదు. రెండు చేతులతో ఆ సంచినే పట్టుకుని, "స్నానం చేసొస్తానమ్మా, ఒళ్ళంతా మురికి" అన్నాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి గిన్నెలు సర్దుతూ, అతని వైపు చూడకుండా అంది. "ఆ రోజు ఆవిడ అడిగినప్పుడు... నేనేం అనలేదు మిమ్మల్ని."

"అవును," అన్నాడతను. "ఏం అనలేదు."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. పోట్లాడుకుంటే తేలిపోయేది. కంచం తీసి తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

తర్వాత అంతా మామూలే, చూసేవాళ్ళకి. పనికెళ్ళేవాడు, వచ్చేవాడు, పిల్లకి లెక్కలు చెప్పేవాడు. కానీ లెక్కలు చెప్పేటప్పుడు తలుపు బార్లా తెరిచి, "అత్తయ్యా, మీరూ ఇలా వచ్చి కూర్చోండి" అనేవాడు. నాకు లెక్కలెందుకని ఒకసారి నవ్వాను. అతను నవ్వలేదు. అప్పుడర్థమైంది, నన్ను పిలుస్తున్నది తోడుకి కాదు, సాక్ష్యానికి. పిల్ల పక్కన చేరి భుజానికి ఆనుకుంటే, ఏదో గుర్తొచ్చినట్టు లేచేవాడు. దానికి తల దువ్వాలన్నా, ముల్లు తీయాలన్నా వాళ్ళమ్మని కేకేసేవాడు. మా అమ్మాయి వచ్చి తీసేది. ఆ ముల్లు తీస్తున్నంత సేపూ పెదవి కొరుక్కునేది. ఒకనాడు ఉండబట్టలేక, "మీ కూతురేగా, మీరు తీయలేరా?" అంది. "నీ చెయ్యి తేలిక," అన్నాడు.

సెలవులు అయిపోవచ్చాయి. ఎండలు విరిగి మొదటి వాన పడింది. ఆ సాయంత్రం వ్యాను రాలేదు, వానకి కాబోలు. వీధిలో అక్కడక్కడ నీళ్ళు నిలిచాయి. ఉడుత అరుగు మీంచి అరుగు మీదికి గెంతుతోంది. అల్లుడు స్కూటరు తుడుచుకుంటున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను.

తడి అరుగు మీద దాని కాలు జారింది. మోకాళ్ళ మీద పడింది. గట్టిగానే పడింది, చప్పుడు నాదాకా వినపడింది. అల్లుడు గుడ్డ వదిలేసి రెండంగల్లో దగ్గరికెళ్ళాడు. వెళ్ళి, అక్కడాగిపోయాడు. ఇంట్లోకి తిరిగి మా అమ్మాయిని కేకేయబోయాడు.

ఉడుత ఏడవలేదు. మోకాలి మీంచి రక్తం కారుతున్నా దాని వైపు చూడలేదు. తలెత్తి వీధి ఆ చివరదాకా చూసింది. ఈ చివరదాకా చూసింది. ఎదురింటి కిటికీలు, పైవాటా మేడ, అన్నీ చూసింది. తర్వాత రెండు చేతులూ పైకి చాపి, గొంతు తగ్గించి అంది:

"ఎవరూ చూడట్లేదు నాన్నా. ఎత్తుకో."

నేను కిటికీ దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాను. కాసేపటికి గుమ్మంలో అతని అడుగుల చప్పుడు వినిపించింది, బరువు మోస్తున్న మనిషి అడుగులు. మా అమ్మాయి దూది, మందు తీసుకుని గదిలోంచి ఎదురెళ్ళింది. కానీ తను వేయలేదు. అతని చేతికిచ్చింది.